మన ఆరోగ్యం: మనవడి సంచిలోని సూదిమందు



కాకుమాను నుండి ఒక తల్లి ఇలా అడిగారు: "అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరకు ఆరు నెలలు ఉండడానికి వెళ్తున్నాను. ఐదేళ్ల మనవడికి వేరుశనగ పడదట. మేము ఆఫీసుకు వెళ్లినప్పుడు వాడికి ఏమైనా అయితే ఈ పెన్నుతో నువ్వే సూది గుచ్చాలమ్మా అంటోంది. నాకు చదువు అంతంత మాత్రం. నావల్ల అవుతుందా?"

అవుతుందమ్మా. ఆ పెన్నును తయారు చేసిందే డాక్టరు కాని వారి కోసం. అయితే అది ఎందుకో ముందు తెలుసుకోండి.

2021లో కోవిడ్ టీకా వేశాక మనందరినీ అరగంట సేపు కూర్చోబెట్టారు, గుర్తుందా? నూటికి తొంభైతొమ్మిది మందికి పైగా ఏమీ కాక ఇంటికి వెళ్లారు. ఎక్కడో ఒకరికి రాగల అనాఫిలాక్సిస్ అనే తీవ్రమైన ఎలర్జీ కోసమే ఆ కాపలా. ఒంటికి పడనిది లోపలికి వెళ్లినప్పుడు శరీరం దానిని శత్రువుగా భావించి, హిస్టమిన్ వంటి రసాయనాలను ఒక్కసారిగా వదులుతుంది. దానితో రక్తనాళాలు సడలి బి.పి. పడిపోతుంది. గొంతు వాస్తుంది. ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి. ఈ మూడింటినీ వెంటనే వెనక్కి తిప్పే మందు అడ్రినలిన్. అమెరికాలో దీనినే ఎపినెఫ్రిన్ అంటారు.

ఇక్కడ సమయమే ప్రాణం. బ్రిటన్‌లో ఇలా చనిపోయిన వారి వివరాలను డాక్టర్ పంఫ్రీ పరిశీలించి 2000లో ప్రచురించారు. ఊపిరో గుండో ఆగిపోవడానికి పట్టిన సమయం తిండి వల్ల అయితే సుమారు 30 నిమిషాలు, కందిరీగ లేక తేనెటీగ కాటు వల్ల 15 నిమిషాలు, ఇంజెక్షన్ వల్ల 5 నిమిషాలు. కావున అమ్మాయికి ఫోను చేసి, ఆమె వచ్చేదాకా ఎదురు చూడవద్దు.

గుర్తులు ఇవి: ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు, నాలుక వాయడం, గొంతు బొంగురుపోవడం, పిల్లికూతలు, ఆగని దగ్గు, మళ్లీ మళ్లీ వాంతులు, కళ్లు తిరిగి వాలిపోవడం. దద్దుర్లు లేకుండానే ఊపిరి అందకపోవచ్చు. వేరుశనగ తిన్న పిల్లవాడికి ఊపిరి ఇబ్బంది గాని, సొమ్మసిల్లడం గాని కనబడితే ఇక ఆలోచించవద్దు.

చేయవలసినది:

1. పిల్లవాడిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా ఉంచండి. ఆయాసపడుతుంటే కాళ్లు చాపి కూర్చోబెట్టండి. నిలబెట్టవద్దు, నడిపించవద్దు. అలా చేస్తే గుండెకు రక్తం అందక ప్రాణం పోవచ్చు.

2. ఎపిపెన్ అనే రకమైతే నారింజరంగు కొన కిందికి ఉండేలా పిడికిట్లో పట్టుకుని, పైనున్న నీలంరంగు మూత లాగేయండి. సూది వచ్చేది నారింజరంగు కొన నుండే. ఏ చివర మీదా బొటనవేలు పెట్టవద్దు.

3. పిల్లవాడి కాలు కదలకుండా గట్టిగా పట్టుకోండి. తొడ మధ్యభాగంలో, బయటి వైపున, 'టిక్' మనే దాకా గట్టిగా నొక్కి మూడు అంకెలు లెక్కపెట్టండి. నిక్కరు మీదనుండైనా గుచ్చవచ్చు. జేబు, కుట్టు ఉన్నచోట వద్దు. పిరుదుకు గాని, చేతికి గాని వద్దు.

4. వెంటనే 911కు ఫోను చేయండి. ఐదు నిమిషాలకు తగ్గకపోతే రెండవ పెన్ను వాడండి. అందుకే ఎప్పుడూ రెండు పెన్నులు దగ్గర ఉండాలి. తగ్గినా సరే ఆసుపత్రికి వెళ్లాలి. కొన్ని గంటల తరువాత మళ్లీ రావచ్చు.

15 నుండి 30 కిలోల పిల్లలకు 0.15 మిల్లీగ్రాముల పెన్ను, ఆపైన బరువున్న వారికి 0.3 మిల్లీగ్రాములది. పెన్నుల్లో రకాలు ఉన్నాయి. కాబట్టి మీ మనవడిది ఏదో చూసి, సూది, మందు లేని శిక్షణ పెన్నుతో మీ అమ్మాయి ఎదుట పదిసార్లు అభ్యాసం చేయండి. పెన్నును ఫ్రిజ్‌లో గాని, ఎండలో నిలిపిన కారులో గాని ఉంచవద్దు. మందు రంగు మారినా, గడువు దాటినా కొత్తది తెప్పించండి. అక్కరలేకుండా గుచ్చితే కాసేపు గుండెదడ, వణుకు వస్తాయి, తగ్గిపోతాయి. అవసరమైనప్పుడు గుచ్చకపోతే దిద్దుకోలేము.

మరొక మాట. మీ పెట్టెలో కారప్పొడి, వేరుశనగ ఉండలు సర్దకండి. మన చేతి పచ్చడి మనవడికి తినిపించాలనే ముచ్చట ఉంటుంది. ఆ ముచ్చట నువ్వులతో తీర్చుకుందాం అనుకుంటే, అవి కూడా పడతాయో లేదో ముందు అడగండి.

ఇక మన ఊళ్ల సంగతి. ఇట్టి పెన్నులు మన మందుల షాపుల్లో సాధారణంగా దొరకవు. అయినా అదే అడ్రినలిన్ చిన్న గాజు సీసాలో, తక్కువ ధరకే, ఆసుపత్రుల్లో ఉంటుంది. పొలంలో కందిరీగల తుట్టె కదిలినా, రొయ్యల కూర తిని గొంతు బిగిసినా సున్నం రాస్తూ, ఏవిల్ బిళ్ల మింగిస్తూ కూర్చోవద్దు. ఏవిల్ దురద తగ్గిస్తుంది గాని ఊపిరి నిలపదు. రోగిని పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. ఆసుపత్రిలో అడుగు పెట్టగానే ఏమి తిన్నారో, ఏమి కుట్టిందో చెప్పి, "అడ్రినలిన్ ఇస్తారా?" అని అడగండి. అలా అడగడం తప్పు కాదు. పెనిసిలిన్ వంటివి పడనివారు ఆ మాట కాగితం మీద రాసి దగ్గర ఉంచుకోవాలి. ప్రేమవిందులో వడ్డించేవారు కూడా ఏ కూరలో ఏమి వేశారో అడిగిన వారికి విసుక్కోకుండా చెప్పాలి.

అమ్మా, ధైర్యంగా వెళ్లి రండి. అవసరం రాకపోతే సంతోషం. వస్తే మాత్రం మీ చేయి వెనుకాడకూడదు.