వోచర్ కూడా కూలే

ఐబొమ్మ పోయాక మా హాస్టల్లో రెండు మార్పులు వచ్చాయి. రాత్రిపూట వైఫై కాస్త స్పీడయింది. రెండోది, అందరూ సర్వేలు చేయడం మొదలుపెట్టారు. 2025 నవంబర్‌లో ఆ సైట్ నడుపుతున్నాడన్న ఆరోపణపై హైదరాబాద్ పోలీసులు ఒకర్ని అరెస్టు చేశారు, సైట్ మూతపడింది. ఇక సినిమాలు కొనుక్కుని చూడాల్సిందేనా అని మా ఫ్లోర్లో చర్చ. దానికి మావాళ్ళు కనిపెట్టిన జవాబు: కొనుక్కుందాం, కానీ చేతి డబ్బులతో కాదు, వోచర్లతో.

సర్వేలకి జవాబు చెప్తే పాయింట్లు. షాపు బిల్లు ఫోటో తీసి అప్‌లోడ్ చేస్తే పాయింట్లు. యాడ్ చివరిదాకా చూస్తే పాయింట్లు, ఫలానా బ్రౌజర్లో వెతికితే పాయింట్లు. అవి పోగయితే వోచర్, వోచర్‌తో ఓటీటీ ప్లానో, బీజీఎంఐలో యూసీయో. "ఫ్రీగా వచ్చిందిరా" అంటారు. నాకు అభ్యంతరం ఆ ఒక్క మాట మీదే. నా లెక్కలో అది కూలి. కూలి అని ఒప్పుకుంటే గంటకి ఎంత పడుతోంది, ఎవరు ఇస్తున్నారు, ఆ డబ్బు ఎక్కడ చెల్లుతుంది అని అడగాలనిపిస్తుంది. ఫ్రీ అనుకుంటే ఏమీ అడగం.

నేను కూడా చేస్తాను, దాచేదేమీ లేదు. అయితే రెండు నెలల పాటు ఒక ఎక్సెల్ షీట్ పెట్టాను. సీఎస్ఈ వాళ్ళకి ఇంతకన్నా పనేముంది అనుకోండి. సర్వే మొదలుపెట్టిన టైం, ముగిసిన టైం, వచ్చిన విలువ. సగంలో "మీరు ఈ సర్వేకి అర్హులు కారు" అని బయటికి నెట్టిన టైం కూడా కలిపాను, ఎందుకంటే ఆ పది నిమిషాలు కూడా నావే. మొత్తం 38 గంటలు, 570 రూపాయలు. గంటకి 15. రోజుకి ఎనిమిది గంటలు వంచిన మెడ ఎత్తకుండా చేసినా 120 దాటదు. మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 2025-26కి రోజుకి 307 రూపాయలు. ఎండలో మట్టి పని ఎక్కడ, ఫ్యాన్ కింద ఫోన్ పని ఎక్కడ అంటారేమో. నిజమే, కష్టం ఒకటి కాదు. కానీ మా వైపు రొయ్యల ఫ్యాక్టరీల్లో తలలు తీసే ఆడవాళ్ళకి కిలోకి ఇంత అని లెక్క కడతారు, వాళ్ళెవరూ దాన్ని ఫ్రీగా వచ్చిందనరు. సర్వేకి ఇంత అని ఇచ్చేది కూడా పీసు లెక్కే కదా.

బయటికి నెట్టే సంగతి చెప్పాను కాబట్టి ఇంకో ముచ్చట. పంతొమ్మిదేళ్ళ స్టూడెంట్ అంటే చాలా సర్వేలకి పనికిరాడు. కార్ల కంపెనీకి కారున్నవాడు కావాలి, డైపర్ల కంపెనీకి పసిబిడ్డ తల్లి కావాలి. దాంతో మా ఫ్లోర్లో ప్రస్తుతం పదకొండు ఇన్నోవాలు, నలుగురు చంటిపిల్లలు, ఒక హోమ్ లోన్ ఉన్నాయి. మా రూమ్మేట్ వయసు కాగితం మీద ముప్పై నాలుగు. వాడికి పెళ్ళై ఆరేళ్ళు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ మిషన్ లెర్నింగ్ క్లాసులో ఇమేజ్‌నెట్ గురించి చెప్పినప్పుడు నాకు ఈ ఇన్నోవాలే గుర్తొచ్చాయి. 2009లో వచ్చిన ఆ డేటాసెట్‌లో కోటీ నలభై లక్షల బొమ్మలున్నాయి. ఏ బొమ్మలో ఏముందో గుర్తుపట్టింది అమెజాన్ మెకానికల్ టర్క్‌లో పైసల లెక్కన పనిచేసిన మనుషులు. అమెజాన్ దాన్ని 2005లో మొదలుపెట్టింది. చాలా దేశాల టర్క్ పనివాళ్ళకి ఏళ్ళ తరబడి నగదు ఇచ్చేవాళ్ళు కాదు, అమెజాన్ గిఫ్ట్ కార్డే ఇచ్చేవాళ్ళు. అంటే వోచర్‌తో కూలి ఇవ్వడం మా హాస్టల్లో పుట్టింది కాదు, మనం పరీక్షల్లో రాసే ఏఐ కింద పునాదిలోనే ఉంది. రేపు ప్లేస్‌మెంట్ వస్తే మనం శుభ్రం చేయబోయే డేటాలో మా రూమ్మేట్ భార్యాపిల్లలు తప్పకుండా తగులుతారు. గంటకి 15 రూపాయలకి నిజం కూడా కావాలంటే ఎలా?

ఇప్పుడు అసలు విషయం. వోచర్ అనేది ఒక్క వైపే నడిచే డబ్బు. అది ఏ కొట్టు పేరు మీద ఉంటే అక్కడే చెల్లుతుంది. గూగుల్ ఒపీనియన్ రివార్డ్స్‌లో వచ్చే నాలుగైదు రూపాయలు ప్లే స్టోర్ దాటవు, ఏడాదిలో వాడకపోతే అవీ పోతాయి. గిఫ్ట్ కార్డులకి రిజర్వ్ బ్యాంక్ నిబంధనలున్నాయి: ఒక్కో కార్డు పదివేలకి మించకూడదు, కనీసం ఏడాది చెల్లాలి, దాన్ని నగదుగా మార్చుకోవడం కుదరదు. అయితే ఒక కొట్టువాడు తన కొట్లో మాత్రమే చెల్లేలా ఇచ్చే కూపన్లు ఆ నిబంధనల కిందికి రావు. ఇక పాయింట్ల సంగతి చెప్పక్కర్లేదు. నిన్న వెయ్యి పాయింట్లకి వచ్చింది రేపు పదిహేను వందలు అన్నా అడిగే దిక్కు లేదు.

ఇది మన ఊళ్ళకి కొత్త సంగతి కాదు. నెల్లూరు సముద్రం పక్క పుట్టినవాళ్ళకి చెప్పాల్సిన పని లేదు గానీ, చెన్నై, హైదరాబాద్ నుంచి వచ్చిన ఫ్రెండ్స్ కోసం చెప్తాను. పడవకీ వలకీ వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకుంటే, పట్టిన చేప ఆ వ్యాపారికే వెయ్యాలి, ఆయన చెప్పిన రేటుకే. రొయ్యల గుంట వేసినవాళ్ళు మేత అప్పుకి తెచ్చుకుంటారు. నగదుకి కొంటే ఒక రేటు, అప్పుకి తెస్తే ఇంకో రేటు. పట్టుబడి అయ్యాక కౌంట్ ఎంత, కిలో ఎంత అని లెక్క తేలేసరికి చేతికి వచ్చేది ఎంతో దేవుడికే తెలియాలి. అప్పుడు కూడా చేతిలో సరుకు ఉంటుంది, స్వేచ్ఛ ఉండదు. మా తాతలు దాన్ని ఒక్క మాటలో "కట్టుబాటు" అనేవాళ్ళు. మనం "రివార్డ్" అంటున్నాం. ఇంగ్లీష్ మీడియం చదువు వల్ల మనకొచ్చిన లాభాల్లో ఇదొకటి.

ఈ రివార్డుల మోజు మన తరానికి ఎలా అంటుకుందో చూడండి. 2017 సెప్టెంబర్‌లో గూగుల్ తేజ్ వచ్చింది, తర్వాత అదే గూగుల్ పే అయింది. డబ్బు పంపితే స్క్రాచ్ కార్డు. 2019 దీపావళికి స్టాంపులు పెట్టారు, ఐదు రకాలూ కూడబెడితే 251 రూపాయలు. నేనప్పుడు ఎనిమిదో క్లాసు. రంగోలి స్టాంపు దొరక్క వీధి వీధంతా ఒకర్నొకరు అడుక్కున్నాం. కొత్తగా పరిచయమైన వాళ్ళని ముందు పేరు కూడా అడగలేదు, రంగోలి ఉందా అని అడిగాం. మా పిన్నివాళ్ళది తడ దాటాక గుమ్మిడిపూండి. వాళ్ళకి స్క్రాచ్ కార్డులు రావు. తమిళనాడు వాళ్ళకి ఇవి వర్తించవని షరతుల్లోనే రాసి ఉండేది. అక్కడ బహుమతి పథకాల్ని నిషేధించే చట్టం 1979 నుంచి ఉంది. ఒకే ఫోను, ఒకే యాప్, మధ్యలో ఒక చెక్‌పోస్టు. అటు నిషేధించాల్సిన సంగతి, ఇటు పండగ సరదా. ఏది రైటు అని నేను చెప్పబోవడం లేదు, కానీ అవతల ప్రభుత్వం దాన్ని సీరియస్‌గా తీసుకుందని మాత్రం తెలియాలి కదా.

సంపాదన సంగతి ఇది. ఖర్చు సంగతి ఇంకా విచిత్రం. "హోమ్ ఎంటర్‌టైన్‌మెంట్" అని పేరు. మన వోచర్లతో కొనేది మాత్రం ఎప్పుడూ అన్నిటికన్నా చవక ప్లాన్. నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాన్ నెలకి 149. 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్ మొదలైనప్పుడు దాని మొబైల్ ప్లాన్ మూడు నెలలకి 149. రెండూ చేతిలో ఫోన్ మీదే, టీవీలో రావు. అంటే ఇంటి వినోదం అని కొన్నదాంట్లో ఇల్లు లేదు. 149 అంటే నాకు ఇంకొకటి గుర్తొస్తుంది. ఏపీ ఫైబర్‌నెట్ మొదలైన రోజుల్లో ఇంటికి టీవీ చానళ్ళు, ఇంటర్నెట్, ఫోను మూడూ కలిపి 149 అని చెప్పారు. ఆ రేటు ఎన్నాళ్ళు నిలిచిందన్నది వేరే కథ. కానీ అప్పట్లో ఆ అంకె ఒక ఇంటికి, ఇప్పుడు అదే అంకె ఒక జత చెవులకి.

మాకు రొయ్యల గుంటలున్నాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకెళ్ళినప్పుడు నాన్న ముందు ఆపింది డిష్ రీచార్జి. కరెంటు ఆపలేం, మేత ఆపలేం, ఆపగలిగింది అదొక్కటే. అమ్మ ఏమీ అనలేదు, పక్కింటికెళ్ళి సీరియల్ చూసొచ్చేది. నేను ఆ నెల వోచర్లని మొబైల్ ప్లాన్ మీద పెట్టలేదు. అప్పట్లో మూడు నెలలకి 299 ప్లాన్ టీవీలో కూడా వచ్చేది, అది తీసుకున్నాను. లెక్క ప్రకారం ఇరవై గంటల పని. "ఇదెక్కడి డబ్బురా" అంది అమ్మ. కూలి అన్నాను. నమ్మలేదు. స్కాలర్‌షిప్ పడిందనుకుంది.

ఇంతా చెప్పి మానేయండి అంటానేమో అనుకుంటున్నారా? అనను. దానికి కారణం మా క్లాసులో ఒకమ్మాయి చెప్పిన మాట. తన బ్యాంక్ అకౌంట్‌కి లింకయిన నంబరు వాళ్ళ నాన్నది. నలభై రూపాయలు ఖర్చు పెట్టినా ఆయన ఫోన్‌కి మెసేజ్ వెళ్తుంది, సాయంత్రం "ఏందమ్మా అది" అని ఫోన్ వస్తుంది. వోచర్‌కి మెసేజ్ రాదు. తనకి పంతొమ్మిదేళ్ళలో ఎవరికీ లెక్క చెప్పక్కర్లేని మొదటి డబ్బు అదేనట. నేను ఎక్సెల్ షీట్ చూపించి గంటకి 15 అంటే, "నీకు 15, నాకు కాదు" అంది. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. తక్కువ కూలి అని తెలిసీ చేసేవాళ్ళకి వాళ్ళ కారణాలుంటాయి. ఒక్కటే కోరిక, తెలిసి చేయండి.

తెలిసి చేయడం అంటే ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. సర్వేలు మన గురించి మాత్రమే అడగవు. ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా, ఏ మందు వాడతారు, నెలకి ఆదాయం ఎంత, బంగారం ఎక్కడ కుదువ పెట్టారు. చేసేది మనం, వోచర్ మనకి, బయటికి పోయేది అమ్మ రిపోర్టు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రధానంగా సమ్మతి మీద నిలబడింది. ఎవరి డేటాకి వాళ్ళ సమ్మతి కావాలి, పద్దెనిమిది నిండనివాళ్ళకైతే తల్లిదండ్రులది. ఆ చట్టంలో మన పిల్లలకి తల్లిదండ్రుల అనుమతి గురించి రాశారు గానీ, తల్లిదండ్రుల సంగతులు కొడుకు ఐదు రూపాయలకి చెప్పేస్తే ఏంటన్నది ఏ ఫోన్లోనూ పాప్-అప్ అడగదు. అలాంటి ప్రశ్న వస్తే నేను అక్కడితో ఆపేస్తాను. ఆ రోజుకి పది నిమిషాలు పోతాయి, పోనీ.

టెలిగ్రామ్‌లో "వీడియోకి లైక్ కొట్టండి, రోజుకి రెండు వేలు" అని వచ్చేవి ఈ కోవలోకి రావు, అవి పచ్చి మోసాలు. ముందు నూటయాభై, రెండొందలు నిజంగానే వేస్తారు, తర్వాత "పెద్ద టాస్క్" కోసం మన చేత డబ్బు కట్టిస్తారు. పని ఇచ్చేవాడు ఎదురు డబ్బు అడిగితే అక్కడ్నించి లేచి రావడమే. ఇప్పటికే కట్టినవాళ్ళుంటే 1930కి ఫోన్ చేయండి, ఆలస్యం చేసేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

చివరగా ఒక ప్రతిపాదన, వచ్చే మీటింగ్‌లో కూడా పెడతాను. మా ఫ్లోర్లో తొమ్మిది మంది వేర్వేరుగా మొబైల్ ప్లాన్లు నడుపుతున్నారు. అందరూ ఒకే సినిమా, ఒకే రాత్రి, దుప్పటి కప్పుకుని విడివిడిగా చూస్తారు. ఎవడైనా నవ్వితే పక్కవాడు రెండు నిమిషాల తర్వాత నవ్వుతాడు, నెట్ స్లో కాబట్టి. మన జిల్లాకి ఆనుకునే సూళ్ళూరుపేటలో, 2019లో సాహోతో తెరిచిన వీ ఎపిక్‌లో, దేశంలోకెల్లా పెద్ద తెరల్లో ఒకటుంది. రైల్లో పోయి రావచ్చు, కానీ అక్కడ మన పాయింట్లు చెల్లవు. సరే, అది కుదరనప్పుడు కామన్ రూమ్‌లో టీవీ ఉంది కదా. తొమ్మిది వోచర్లు కలిపితే టీవీ ప్లాన్ వస్తుంది. ఒకే చోట ఇంతమంది చూడొచ్చా అని ముందు ఆ ప్లాన్ షరతులు చదవాలి, ఆ పని నాకు వదిలేయండి. వార్డెన్ గారిని అడిగాం, పదకొండింటికి కట్టేస్తే అభ్యంతరం లేదన్నారు. రిమోట్ ఎవరి దగ్గరుండాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. ఇన్నోవా ఉన్నవాళ్ళు తమకే కావాలంటున్నారు.