ముందు చక్రంలో గరగర, చేతిలో లేని బిల్లు

2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాలన్నిటిపై 18 శాతం ఏకరూప పన్ను అమలులోకి వచ్చింది. అంతకుముందు వాటిలో అనేకం 28 శాతం వరుసలో ఉండేవి. కొత్త కార్ల ధరలు ఎంత తగ్గినవో పత్రికలు విస్తారంగా వ్రాశాయి గాని, ఇదివరకే ఒక పాత కారు కొనుక్కొని మామిడి తోటల రాళ్లబాటల్లో నడుపుకొంటున్న సరిహద్దు పల్లె కుటుంబానికి ఈ మార్పు ఏ విధంగా ఉపయోగపడుతుందో చర్చించినవారు అరుదు. మా బంధువర్గంలో జరిగిన ఒక చిన్న ఉదంతం ఆ చర్చకు ఆధారంగా తీసుకొంటున్నాను.

శ్రీనివాసపురం తాలూకాలో ఉన్న మా బావగారి కారులో, బ్రేకు తొక్కినప్పుడల్లా కుడివైపు ముందు చక్రం నుంచి తిరగలి విసిరినట్టు శబ్దం రాసాగింది. ఒక షెడ్డులో చక్రమైనా విప్పకుండా బేరింగ్ పోయిందని తేల్చి, బేరింగ్ మార్చి పంపారు. శబ్దం మాత్రం ఇంటిదాకా తోడు వచ్చింది. రెండవ మెకానిక్ చక్రం విప్పగానే సంగతి బయటపడింది. లోపలి బ్రేక్ ప్యాడు పూర్తిగా అరిగిపోయి, దాని వెనుకనున్న ఇనుప పలక డిస్కును చెక్కివేస్తున్నది. తక్కిన మూడు ప్యాడ్లూ కాగితమంత మందాన నిలిచి ఉన్నాయి. వాటిని వేయించి ఏడు నెలలైనా కాలేదు. సరిహద్దు ఆవలి పట్టణంలో, పేరున్న సంస్థ పెట్టెలోనే, బిల్లు లేకుండా కొన్నవి.

ఇక్కడ శబ్దాన్ని గురించి కొంత వివరంగా చెప్పుకోవలసి ఉన్నది. ఎందుకంటే మొదటి షెడ్డులో చెల్లించిన సొమ్ము కేవలం చక్రం విప్పి చూడనందుకు చెల్లించిన సొమ్ము. బ్రేకు తొక్కినప్పుడే గరగరమంటే ముందుగా ప్యాడ్లనే అనుమానించాలి. బ్రేకుతో నిమిత్తం లేకుండా, వేగంతోపాటు పెరిగే హోరు, అదీ బండి ఒక పక్కకు తిరిగినప్పుడు హెచ్చి మరో పక్కకు తిరిగినప్పుడు తగ్గితే, అది బేరింగ్. చక్రాన్ని పైకెత్తి, పైనా కిందా పట్టుకొని ఊపితే లొడలొడమనడం దానికి మరొక గుర్తు. (కేవలం జాకీని నమ్మి బండి కింద చేయి పెట్టరాదు, స్టాండు ఉండవలసిందే.) మలుపుల్లో టకటకమంటే ఇరుసు చివరి జాయింటు రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు కారిపోయి ఉంటుంది. ఇవేవీ కాక తోట దారి నుంచి బయటకు రాగానే హఠాత్తుగా గీరుడు మొదలైతే, డిస్కుకూ దాని వెనుక రేకుకూ నడుమ గులకరాయి ఇరుక్కొని ఉండవచ్చు. మా ప్రాంతంలో ఇది చాలా సామాన్యం. నాలుగు గజాలు వెనక్కు నడిపితే ఒక్కొక్కసారి అదే రాలిపోతుంది.

ప్యాడు మీది పదార్థం 3 మిల్లీమీటర్లకు దిగినప్పుడే మార్చడం క్షేమం. మేలు రకం ప్యాడ్లు అనేకం అరుగుదల హద్దుకు రాగానే ఒక సన్నని లోహపు నాలుక డిస్కుకు తగిలి కీచుమంటాయి. చౌక రకాల్లో తరచుగా ఆ నాలుకే ఉండదు. గరగర వినబడేసరికి డిస్కు కూడా చెడి ఉంటుంది. ఒక్క ప్యాడే అరిగి మిగిలినవి బాగుంటే తప్పు సామానుది కాదు, క్యాలిపర్ పిన్నులు బిగుసుకొన్నవని అర్థం. బావగారి కారులో నాలుగూ ఒక్కతీరున అరిగినవి కనుకనే సరుకు మీద అనుమానం కలిగింది.

సామాను కోసం గట్టు దాటడం మనకు కొత్త కాదు. 2017 జూలై 1కి పూర్వం రాష్ట్రానికొక అమ్మకం పన్ను ఉండేది. ఏ వస్తువు ఏ పక్క చవకో మన పెద్దలకు కంఠతా వచ్చు. పెట్రోలు, డీజిలు నేటికీ జీఎస్టీకి వెలుపలనే ఉన్నందున ఆ తేడా బంకుల వద్ద మిగిలే ఉన్నది. డీజిలు కోసం ఆంధ్ర బండ్లు కర్ణాటక వైపు వస్తూనే ఉన్నాయి. విడిభాగాల విషయంలో మాత్రం ముళబాగిలులోనైనా మదనపల్లెలోనైనా పన్ను ఒక్కటే. అయినా పాత అలవాటు పోలేదు. అంగడిలో చూపే తగ్గింపు రాష్ట్రాల తేడా వల్ల వచ్చింది కాదు. బిల్లు వ్రాయకపోవడం వల్ల వచ్చింది. 28 శాతం వరుసలో ఉండిన సామానుకు వెయ్యి రూపాయల మూలధరపై 280 పన్ను పడేది. నేడు 180. బిల్లు వద్దనడానికి ఉన్న ఆశ ఆ మేరకు తగ్గినట్టే.

మా బావగారు అరిగిన ప్యాడ్లు పట్టుకొని ఆ అంగడికి వెళ్లారు. ఇవి మావేనని రుజువేమిటని అడిగారట. ఆయన వద్ద సమాధానం లేకపోయింది. రెండు కొత్త డిస్కులు, ప్యాడ్లు, అనవసరంగా మార్చిన బేరింగ్, అన్నీ ఆయన నెత్తినే పడ్డాయి. డబ్బు ఒక ఎత్తు. ఆ కారులోనే పిల్లలు వారానికి రెండుసార్లు ఘాటు దిగి కళాశాలకు పోతారన్నది మరొక ఎత్తు.

బిల్లు ఉండినట్లయితే కథ వేరుగా నడిచేది. 2020 జూలై 20న అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సరిహద్దు వాసులకు ఒక గొప్ప సౌకర్యం కల్పించింది. సరుకు ఏ రాష్ట్రంలో కొన్నా, కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. మదనపల్లెలో కొన్నదానికి కోలారులో, కోలారులో కొన్నదానికి చిత్తూరులో. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. అడిగినా బిల్లు ఇవ్వకపోవడాన్ని ఆ చట్టమే అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొన్నది. 1915 నంబరుకు ఫోను చేసి తెలుగులోగాని కన్నడంలోగాని చెప్పుకొనవచ్చు.

బిల్లుపై సామాను పేరు, కారు నమూనా, తేదీ వ్రాయించుకోవాలి. విప్పిన పాత ప్యాడ్లను షెడ్డులో వదలిపెట్టక అడిగి తెచ్చుకొని, ఆ బిల్లుతోపాటే ఇంట్లో ఉంచుకోవాలి.