నాయకత్వమంటే వారసులను తీర్చిదిద్దడమే

మన ఊళ్ళలో తెలుగు తరగతుల ప్రస్తావన రాగానే వినవచ్చే మాట ఒకటున్నది: "ఆ మాస్టారు ఉన్నంతకాలం తెలుగు ఉండేది." ఇది ప్రశంసే. కాని ఒకరి పదవీ విరమణతో ఆగిపోయే పనిలో నాయకత్వం సగమే నెరవేరినట్లు. తన తరువాత ఆ భారాన్ని మోయగలవారిని తయారుచేయడం మిగిలిన సగం.

ఈ విద్య మనవారికి కొత్తది కాదు. కోయంబత్తూరు పీళమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కుమారులు కుటుంబ ఆస్తిని అయిదు భాగాలు చేసి, అయిదవ భాగాన్ని ధర్మానికి కేటాయించి 1926లో ధర్మసంస్థను నెలకొల్పారు. వ్యక్తులు గతించినా పి.ఎస్.జి. విద్యాసంస్థలు నిలిచాయి. 1920లో పొళ్ళాచ్చి, పళని మధ్య బస్సు నడపడంతో వ్యాపారం మొదలుపెట్టిన జి.డి. నాయుడుగారు, 1945లో సాంకేతిక విద్యాలయ స్థాపనకు పూనుకొన్నారు. పనివాడిని వెదకుకోవడంకంటె పనివాడిని తయారుచేసుకోవడం మేలన్న వివేకం అందులో ఉన్నది.

మదురై ఉదాహరణ మనకు మరింత దగ్గరిది. ప్రభుత్వోద్యోగం నుంచి విరమించిన డాక్టర్ జి. వెంకటస్వామిగారు 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రిని ఆరంభించారు. పల్లెల నుంచి వచ్చిన యువతులను ఎంపిక చేసి, రెండేళ్ళు శిక్షణనిచ్చి, కంటిచూపు పరీక్ష మొదలు శస్త్రచికిత్సకు రోగిని సిద్ధపరచడం వరకు అనేక బాధ్యతలు వారికి అప్పగించారు. వైద్యుని సమయం వైద్యునికే దక్కింది. ఆయన 2006లో కన్నుమూశారు; ఆసుపత్రి ఆగలేదు.

"వారికి ధనమున్నది, మనకేమున్నది?" అనవచ్చు. 11 పడకలేమీ పెద్ద ధనం కావు. "2006 నాటి చట్టంతో తమిళం తప్పనిసరి అయినది కదా" అనవచ్చు. ఆ ఇబ్బంది నిజమే, దానికై న్యాయస్థానాలలో పోరాటమూ జరిగింది. అయితే చట్టం అవకాశమిచ్చిన చోట కూడ బోధించేవారు లేకపోతే ఆ అవకాశం ఎవరికి?

మన ప్రతిభ ఎక్కడున్నది? ఇంట తెలుగు మాట్లాడుతూ తమిళ లిపి మాత్రమే ఎరిగిన అమ్మాయి దగ్గర ఉన్నది. ఆమె పలుకు పాఠ్యపుస్తకంలా లేదని నవ్వితే ఒక భావి ఉపాధ్యాయినిని పోగొట్టుకొన్నట్లే. ఆ పలుకును గౌరవించి, అక్షరాలు నేర్పి, చిన్నపిల్లలకు కథ చెప్పే పని ముందుగా అప్పగించాలి. తప్పులు చేయనివ్వాలి, పక్కనుండి దిద్దాలి. ఉపాధ్యాయ శిక్షణకు ఆమె వెళ్ళదలిస్తే రుసుము సంఘమే భరించాలి. వార్షికోత్సవ వేదికకు, శాలువలకు అయ్యే ఖర్చులో అయిదవ వంతు ఇందుకు తీసిపెట్టలేమా?

ఉపాధ్యాయ మిత్రులు విరమణకు అయిదేళ్ళ ముందే ఇద్దరినైనా పక్కన కూర్చోబెట్టుకొని పని నేర్పాలి. సంఘ పెద్దలు పదవులతోపాటు నిర్ణయాధికారాన్ని కూడ యువతకు పంచాలి. తల్లిదండ్రులు "తెలుగు పంతులుగిరీ ఎందుకు?" అని బిడ్డల ఉత్సాహాన్ని చిదిమివేయకూడదు.

ఈ ఏడాది మీ తరగతిలో ఎందరు ఉత్తీర్ణులైనారన్న లెక్క అవసరమే. రేపు ఆ తరగతిని నడపగలవారు ఎందరు తయారైనారన్న లెక్క అంతకంటె అవసరం.