గుడిలో గాలాడాలి

ఇంకు పెన్ను కొనాలనుకునే వాళ్లకి ఇంటర్నెట్ ఇచ్చే సలహా ఎప్పుడూ ఒకటే. "మొదటి పెన్నా? అయితే మీడియం పాళీ తీసుకో, సాఫీగా రాస్తుంది." నేను కూడా ఆ మాట నమ్మి మీడియం తీసుకున్నా. ఇప్పుడు చెప్తున్నా, తెలుగు రాసేవాళ్లకి ఆ సలహా పనికిరాదు. అది ఇంగ్లీషు రాసేవాళ్లు ఇంగ్లీషు రాసేవాళ్ల కోసం చెప్పిన మాట. మనం మన అక్షరాన్ని ఒక్కసారి కూడా కొలిచి చూసుకోకుండా దాన్ని ఫార్వర్డ్ చేస్తున్నాం.

ముందే ఒప్పుకుంటా, నాది నర్సరీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగు నాకు సెకండ్ లాంగ్వేజ్, పదో తరగతి అయ్యాక అదీ లేదు, ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం. కాబట్టి నేను చేతిరాత గురించి పాఠం చెప్తుంటే మీకు నవ్వు రావచ్చు. నాకూ వస్తుంది.

పోయిన దసరా సెలవుల్లో హాస్టల్ ఫ్రెండ్‌తో వాళ్ల ఊరికి, రాజమండ్రికి వెళ్లాను. రాజమండ్రి అంటే మనకి గోదావరి, పుష్కరాలు. పెన్నుల పిచ్చి ఉన్నవాళ్లకి మాత్రం అది రత్నం పెన్నుల ఊరు. కె.వి. రత్నం గారు అక్కడ చేత్తో పెన్ను తయారుచేసి గాంధీజీకి పంపితే, బజార్లో దొరికే విదేశీ పెన్నులకు ఇది మంచి బదులు అని మెచ్చుకుంటూ ఆయన 1935లో ఉత్తరం రాశారు. ఆ ఊళ్లో ఇప్పటికీ ఎబొనైట్ కడ్డీని లేత్ మీద పెట్టి, చేత్తో చెక్కి పెన్నులు చేస్తారు. ఎబొనైట్ అంటే గంధకం బాగా కలిపి గట్టిపరిచిన రబ్బరే. కొత్తలో కొంచెం గంధకం వాసన వస్తుంది కూడా.

నేను కొన్నచోట పెద్దాయన అడిగింది ఒకటే ప్రశ్న: "ఏ పాళీ కావాలి బాబూ?" నేను వెంటనే "మీడియం అండి" అన్నాను. కాగితం ముందు పెట్టి రాసి చూసుకోమన్నారు. నేను ఏం రాశానో తెలుసా? నా సంతకం, ఇంగ్లీషులో. తర్వాత రెండు ఎనిమిదులు అడ్డంగా తిప్పాను, యూట్యూబ్‌లో అందరూ అలాగే చేస్తారు కదా. బ్రహ్మాండంగా జారింది. డబ్బులిచ్చి వచ్చేశాను. తప్పు పూర్తిగా నాదే. ఎదురుగా తెలుగు మనిషి, తెలుగు ఊరు, చేతిలో తెలుగువాళ్లు చేసిన పెన్ను. ఒక్క తెలుగు అక్షరం రాసి చూడాలని నాకు తోచలేదు.

సంగతి కోరుట్లలో మా ఇంట్లో బయటపడింది. నాయనమ్మకు బతుకమ్మ పాటలు చాలా వచ్చు. ఈ మధ్య ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారిపోతోంది, మధ్యలో ఆగి "తర్వాత ఏందిరా" అని నన్నే అడుగుతోంది. నాకేం తెలుసు? అందుకే పూర్తిగా మర్చిపోకముందే రాసిపెడదామని కూర్చున్నాను. రెండు రోజుల్లో పదకొండు పేజీలు. ఫోన్‌లో రికార్డ్ కూడా చేశాను గానీ, ఆమె ఫోన్ వినదు, చదువుతుంది. కూడబలుక్కుంటూ అయినా చదువుతుంది. పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాను. కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

"గిదేంది బిడ్డా, అన్ని నల్ల చుక్కలే పెట్టినవ్. మీ తాత రాస్తే ముత్యాల లెక్క ఉండె."

తాత సంగతి చెప్పాలి. మా వైపు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని వాడ ఉండదు. ఫోన్లు లేని రోజుల్లో అంతా ఉత్తరాల మీదే. తాత వాడకట్టు మొత్తానికి ఉత్తరాలు రాసిపెట్టేవాడట. దుబాయ్‌లో ఉన్న కొడుకుకి అమ్మ చెప్పేది, మస్కట్‌లో ఉన్న భర్తకి భార్య చెప్పేది, తాత రాసేది. ఎక్కువగా ఏరోగ్రాంలు. నీలం రంగు పల్చటి కాగితం, రాసి మడిచి అంటించడమే, లోపల ఇంకో ముక్క పెట్టకూడదు. చెప్పాల్సిన కబుర్లు ఎన్నో, చోటు ఆ ఒక్క కాగితమే. పంపకుండా మిగిలిపోయిన రెండు మా ఇనుప పెట్టెలో ఉన్నాయి. తీసి చూశాను. ఒక్కో అక్షరం బియ్యపు గింజంత. అయినా గుడి గుడిలాగే ఉంది, ఒత్తు ఒత్తులాగే ఉంది. అంత చిన్నగా రాసినా 'కథ'లో చుక్క కనపడుతోంది.

నాది అంతకు రెండింతల సైజు. అయినా ఏమీ కనపడట్లేదు.

కంప్యూటర్ సైన్స్ వాణ్ణి కదా, స్కేలు తీసుకుని కూర్చున్నా. మన లాంగ్ నోటుబుక్‌లో గీతకీ గీతకీ మధ్య సుమారు 8 మిల్లీమీటర్లు. ఇంగ్లీషుకి అందులో రెండంతస్తులైతే చాలా వరకు సరిపోతుంది. మనకి కనీసం మూడు కావాలి: మధ్యలో అక్షరం, పైన గుడి లేదా తలకట్టు, కింద ఒత్తు. 'స్త్రీ' రాయండి, 'రాష్ట్రం' రాయండి, తెలుస్తుంది. అందరికీ పంచగా నా రాతలో గుడికి దొరికిన వెడల్పు, గీత మధ్య నుంచి గీత మధ్యకి, ఒకటిన్నర మిల్లీమీటర్లు. పాశ్చాత్య కొలతల్లో మీడియం పాళీ గీత సుమారు 0.7 నుంచి 0.8. అంటే గుడి లోపల మిగిలే ఖాళీ 0.7. మన పల్చటి కాగితం మీద ఇంకు రెండు వైపులా కొంచెం కొంచెం పాకితే ఆ ఖాళీ సగమవుతుంది. ఒత్తుల్లో ఉండే సున్నలు ఇంకా చిన్నవి, అవి పూర్తిగా పూడిపోతాయి. ఫైన్ పాళీ గీత అర మిల్లీమీటరు చుట్టుపక్కల ఉంటుంది. అదే గుడిలో ఒక మిల్లీమీటరు గాలాడుతుంది. తేడా వినడానికి పావు మిల్లీమీటరే. నాయనమ్మకి మాత్రం అది చదవగలగడానికీ చదవలేకపోవడానికీ మధ్య తేడా.

ఇంగ్లీషులో 'ఇ' అక్షరం లోపల పూడిపోయినా మాట అర్థమవుతుంది. మన దగ్గర ఆ చిన్న సందుల్లోనే అర్థం ఉంది. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా పైన ఒక చిన్న మెలిక. ద, ధ, థ మూడూ ఒకే ఒళ్లు. కింద ఒక గీత పెడితే ధ, దాని మధ్యలో చుక్క కూడా పెడితే థ. మీడియం పాళీతో 'కథ', 'కధ' ఒకటే అయిపోతాయి. (మనలో సగం మంది అసలే 'కధ' అని రాస్తాం కాబట్టి కొందరికి అదే లాభం.) ఇక 'జ్ఞా' సంగతి సరేసరి. 2018 ఫిబ్రవరిలో ఆ అక్షరాల కూర్పు ఒక్కటి మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లో యాప్‌లు కూలిపోయేవి, గుర్తుందా? ఆపిల్ వాళ్లు అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. నా పాళీ దగ్గర మాత్రం అది ఇప్పటికీ ఒక మరకే.

మరి ఇంకా సన్నగా, ఎక్స్‌ట్రా ఫైన్ తీసుకుంటే? నేను అదే అనుకుని సీనియర్ అన్న దగ్గర ఒకటి అడిగి తెచ్చుకున్నా. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. దీని గురించి ఎవరూ రాయగా నేను చూడలేదు. తలకట్టు ఎలా పెడతాం? కొంచెం కిందికి దింపి, కుడివైపు పైకి విసురుతాం. ఆ పైకి విసిరే గీతలో పాళీని మనం లాగట్లేదు, ముందుకి నెడుతున్నాం. సన్నటి మొన కాగితంలోకి గుచ్చుకుని గీరుకుంటుంది, పీచు లేస్తుంది, ఒక్కోసారి చిన్న ఇంకు తుంపర కూడా పడుతుంది. ఒక పేజీలో ఎన్ని తలకట్లు! గంట రాసేసరికి నా చూపుడువేలు నొప్పి పుట్టింది. అన్న చెయ్యి తేలిక కాబట్టి ఆయనకి ఇబ్బంది లేదంటాడు. నాలాగా గట్టిగా నొక్కి రాసేవాళ్లకి మాత్రం వద్దు.

కాబట్టి నా లెక్క ప్రకారం తెలుగుకి ఫైన్, దాని మొన గుండ్రంగా నున్నగా ఉండాలి, ఇంకు మరీ ఎక్కువ వదలకూడదు. ఈ చివరి మాట ముఖ్యం. ఒకే ఫైన్ అని రాసి ఉన్నా ఒక పాళీ పొడిగా, ఇంకోటి తడిగా రాస్తుంది. పాళీ చీలిక ఎంత విచ్చుకుంది, కింద నాలుకలా ఉండే ఫీడ్ ఎంత ఇంకు ఇస్తోంది అన్నదాన్ని బట్టి. ఫ్యాక్టరీ పెన్నైతే మన ఖర్మ. చేత్తో చేసే మనిషి ఎదురుగా ఉంటే "కొంచెం తడి తగ్గించండి" అని అడగొచ్చు, అక్కడే సరిచేసి ఇస్తారు. చేతిపెన్నుకి ఎక్కువ డబ్బులు పెట్టేది ఇందుకే అనుకుంటా, గాంధీ గారి ఉత్తరం కోసం కాదు. పైగా వీటిలో చాలావాటికి ఒళ్లంతా ఇంకు పోసుకునే పద్ధతి. ఇంకు తగ్గినకొద్దీ లోపల గాలి పెరుగుతుంది, చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకుని బయటికి తోస్తుంది. మన జగిత్యాల ఎండాకాలంలో సగం ఖాళీ అయిన పెన్నుతో రాస్తే పేజీ మీద బొట్టు పడటం ఖాయం. పాళీ కూడా తడిదైతే ఇంక చెప్పక్కర్లేదు.

అన్నట్టు, ఐదో నంబరు పాళీ, ఆరో నంబరు పాళీ అంటారే, దానికీ గీత మందానికీ సంబంధం లేదు. అది పాళీ ఒళ్లు ఎంత పెద్దదో చెప్పే నంబరు. ఆరో నంబరులో కూడా సన్నది దొరుకుతుంది.

నంబర్లంటే సిరిసిల్ల మామ గుర్తొచ్చాడు. అమ్మమ్మ వాళ్లది సిరిసిల్ల, మామకి పవర్‌లూమ్స్ ఉన్నాయి. ఈ పెన్ను గోలంతా చెప్తే సాంచెల చప్పుడులో నా చెవి దగ్గరికి వచ్చి నవ్వాడు. "నూలు కొననీకి పోయి నలభై నంబరా, ఎనభై నంబరా అంటే నేనేం చెప్పాలె అల్లుడూ? ముందుగాల బట్ట ఏందో చెప్పు." కాటన్‌లో నంబరు పెరిగితే దారం సన్నం. పాలిస్టర్‌కి డెనియర్ అంటారు, అక్కడ నంబరు పెరిగితే దారం లావు. ఏ నంబరు మంచిది అన్న ప్రశ్నే తప్పంటాడు మామ. నేను రాజమండ్రిలో చెప్పాల్సింది కూడా "మీడియం" అని కాదు. "తెలుగు రాస్తానండి, ఈ సైజులో, ఈ కాగితం మీద" అని.

జపాన్ వాళ్లు ఈ పని ఎప్పుడో చేసుకున్నారు. పైలట్, సెయిలర్, ప్లాటినం కంపెనీల ఫైన్ పాళీ, జర్మనీ ఫైన్ కంటే సన్నగా ఉంటుంది. కంజి అక్షరాల్లో గీతలు ఎక్కువ, చోటు తక్కువ కదా. మన చేతిపెన్నుల్లో చాలావాటికి ఇప్పుడు జర్మనీ నుంచి తెచ్చిన పాళీలు పెడుతున్నారు. మంచివే, కాదనను. కానీ ఆ కొలతలు మన గుడినీ మన ఒత్తునీ చూసి పెట్టుకున్నవి కావు. కనీసం పెన్నులమ్మేవాళ్లు ఏ పాళీ ఎలా రాస్తుందో చూపించేటప్పుడు ఇంగ్లీషు వాక్యంతో పాటు ఒక తెలుగు వాక్యం కూడా రాసి చూపిస్తే ఎంత బాగుంటుంది! 'స్త్రీ', 'జ్ఞానం', 'కథ', 'రాష్ట్రం' ఈ నాలుగు మాటలు చాలు, పాళీ గుట్టు బయటపడుతుంది.

క్లబ్‌లో ఒకరన్నారు, తెలుగు అక్షరానికి లావు గీతే అందం, నిండుగా ఉంటుంది అని. పెళ్లి కార్డు మీద, మన మ్యాగజైన్ కవర్ మీద నిజమే. అక్షరం వేలెడంత ఉంటే బ్రాడ్ పాళీ పెట్టండి, నేనే చప్పట్లు కొడతా. ఎనిమిది మిల్లీమీటర్ల గీతల మధ్య మాత్రం ఆ నిండుతనం నల్ల చుక్కే. ఇంకొకరు, అసలు చేత్తో ఎవడు రాస్తాడు ఈ రోజుల్లో అన్నారు. సెమిస్టర్ పరీక్షలు తప్పిస్తే నేనూ రాయను, అవి ఎలాగూ ఇంగ్లీషులో. ఆ మీడియం పెన్ను ఇప్పుడు వాటికే వాడుతున్నా, అక్కడ నిజంగానే బాగా రాస్తుంది. కానీ నాయనమ్మ కీబోర్డు చూసి పాట చెప్పదు. పెన్ను పట్టుకుని ఎదురుగా కూర్చుంటేనే చెప్తుంది, నేను రాయడం అయ్యేదాకా ఆగి మరీ చెప్తుంది.

సంక్రాంతికి ఫైన్ పాళీ తెప్పించి అదే పెన్నుకి పెట్టించా, సెమిస్టర్ అప్పుడు మళ్లీ పాతది మార్చుకుంటా. పదకొండు పేజీలూ తిరిగి రాశాను. నాయనమ్మ ఈసారి చదివింది. మూడో లైన్ దగ్గర వేలు పెట్టి ఆగింది.

"ఇక్కడ 'ళ' రావాలె బిడ్డా, నువ్వు 'ల' రాసినవ్."

మొత్తం మీద నలభై ఆరు తప్పులు పట్టుకుంది. మీడియం పాళీలో అవి ఏవీ కనపడలేదు.