ఎవరికి ఎవరు కనబడతారు?

ఉగాది మరునాడు ఆస్పరి మండలం కైరుప్పలలో వీరభద్రుడి వర్గం, భద్రకాళి వర్గం పిడకలతో కొట్టుకుంటాయి. ఆ తోపులాటలో ఎవరు ఎవరికి ఎప్పుడు కనబడతారో తేల్చాలంటే క్షణక్షణం చూడాలనిపిస్తుంది. అక్కర్లేదు. ఇద్దరిని కలిపే చూపుగీత ఏదో ఒక అడ్డం అంచును ఒరుసుకున్నప్పుడే పరిస్థితి తారుమారు కాగలదు. కదిలే వస్తువుల లెక్కలు చూసే చలన జ్యామితికి ఆధారం ఇదే. తదుపరి మార్పు ఎప్పుడో ముందే లెక్కగట్టి, అప్పటిదాకా ఊరుకునే పద్ధతిని బాష్, గీబాస్, హెర్ష్‌బర్గర్ 1997లో ప్రతిపాదించారు.

గుంపులో మనిషే అడ్డం, పైగా ఎటు తిరుగుతాడో తెలియదు కదా అనవచ్చు. నిజమే. కానీ ఒకడు దారి మార్చితే అతనితో ముడిపడిన లెక్కలే మళ్లీ కట్టాలి, తక్కినవి అలాగే నిలుస్తాయి. పిడకల దుమ్ము మాత్రం అసలైన చిక్కు: దానికి అంచంటూ లేదు, గీత ఒరుసుకోవడానికి.