పంటి తొడుగుల యంత్రము

యంత్రముల బేరము మగవారి పనియని మనము లోపలికి తప్పుకొనుట వాడుక. కాని ఆ బేరమునకై మన మెడలోని హారము బ్యాంకునకు పోవలసివచ్చినపుడు అది మన బేరమే యగును.

గతమాసమున మా పినతల్లి కుమార్తె మా యింటికి వచ్చి, "అక్కా, నా నగలన్నియు కుదువబెట్టినను చాలవట" అని కన్నీరు పెట్టుకొనెను. పంజగుట్టనుండి ఖైరతాబాదునకు వచ్చు దారిలో, ఒక సందున, రెండు గదులలో ఆమె భర్త డెంటల్ ల్యాబు నడుపుచున్నాడు. వైద్యుడు పంపిన అచ్చులో ప్లాస్టరు పోయుట, దానిపై మైనముతో పన్ను మలచుట, లోహము పోతపోసి క్యాపు సిద్ధపరచుట అతని యిరువదియేండ్ల చేతివిద్య. ఇప్పుడు అమీరుపేట వైద్యులు కొందరు నోటిలోనే కెమెరా త్రిప్పి, అచ్చునకు మాఱుగా కంప్యూటరు ఫైలు పంపుచున్నారు. ఫైలు తెఱవలేనివానికి పని రాదు. కావున స్కానరు, చెక్కెడి మిల్లింగు యంత్రము, కాల్చెడి కొలిమి, మూడును ఒక్కసారిగా కొనుమని ఒక వ్యాపారి పట్టుపట్టెను.

మేము చదివినవి కావ్యములు, పురాణములు. అయినను మా వారు తెచ్చిపెట్టిన కాగితములు నాలుగు రాత్రులు చదివితిమి. ఈ విద్య నిన్న పుట్టినది కాదు. అచ్చునకు బదులు వెలుగుతో పంటి కొలత తీయవచ్చునని ఫ్రాన్సు దేశపు ఫ్రాంస్వా డ్యూరే 1973లోనే సిద్ధాంతగ్రంథము వ్రాసెను. 1985లో జ్యూరిక్ నగరమున వెర్నర్ మోర్మన్ అను దంతవైద్యుడు అట్టి యంత్రముతో చెక్కిన పింగాణీ పూడికను రోగి నోట అమర్చెను.

మాకు మిక్కిలి వింతయైనది జిర్కోనియా సంగతి. ఆ బిళ్ల మొదట సుద్దవలె మెత్తగా నుండును. యంత్రము దానిని కావలసిన కొలతకంటె సుమారు అయిదవవంతు పెద్దదిగా చెక్కును. పిమ్మట 1500 డిగ్రీల వేడిమిలో కాలి, ఆవములోని పచ్చికుండవలె కుదించుకొని, కొలతకు వచ్చును. ఎంత కుదించుకొనునో బిళ్లకు బిళ్లకు వేఱు వేఱు అంకె యుండును. ఆ యంకె తప్పుగా ఎక్కించినచో తొడుగు పంటిపై కూర్చుండదు. కాలుచుండగా కరెంటు పోయినచో ఆ విడత అంతయు వ్యర్థము కావచ్చును. చెక్కునపుడు లేచు ధూళి ఊపిరితిత్తులకు చేటు. దానిని పీల్చు గొట్టము వేఱుగా కావలయును. వ్యాపారి చీటీలో ఆ గొట్టము లేదు! ప్రక్కగదిలో పసిబిడ్డ నిద్రించుచుండును.

మఱునాడు మేమును వారితో దుకాణమునకు వెళ్లితిమి. అచటి మనిషి తన పళ్లనమూనా పెట్టి, అయిదు మైక్రానుల ఖచ్చితమని చెప్పెను. వెండ్రుక మందము సుమారు డెబ్బది మైక్రానులు. తొడుగునకును పంటికిని నడుమ 120కి మించి సందు రారాదని పెద్దలు 1971నుండి చెప్పుచున్నారు. మేము, "మీ నమూనా వలదు, మేము తెచ్చినది కొలువుడు" అని, ఒకమారు తిరిగివచ్చిన ప్లాస్టరు పంటిని సంచిలోనుండి తీసితిమి. తెరపై పన్ను చక్కగానే కనబడెను గాని చిగురు ప్రక్క అంచు మొద్దుబారి యుండెను. మా మఱది అది చూచి మౌనము వహించెను. "ఏటేటి రుసుము కట్టనిచో మా ఫైలు మాకు తెఱవబడునా? వేఱొకరి యంత్రమునకు పంపవచ్చునా?" అని అడుగగా ఆ మనిషి కాఫీ తెప్పించెను.

వేఱొక చోట అదే పంటిని కొలిపించితిమి. అంచు గీత గీచినట్లు వచ్చెను. ఫైలునకు తాళము లేదు. ఆ స్కానరును, ఆకృతి దిద్దు సాఫ్టువేరును మాత్రమే కొనిరి. వైద్యులు ఫైలే పంపినపుడు స్కానరుతోను పని లేదు, సాఫ్టువేరు చాలును. చెక్కుటకును కాల్చుటకును ఫైలును నగరములోని మిల్లింగు కేంద్రమునకు పంపి పంటికింత అని యిచ్చుచున్నారు. రంగు కలుపుట, కొఱుకు సరిచూచుట, మెఱుగు పెట్టుట నేటికిని మా మఱది చేతిపనియే.

కుదువకు పోయినది ఒక జత గాజులు. చెల్లెలు పద్దుల పుస్తకమున ప్రతి పంటికి బయట నిచ్చిన కూలి వ్రాయుచున్నది. ఆ నెలకూలి యంత్రపు అప్పు వాయిదాకు సమానమైన నాడు మరల మా యింటికి వచ్చునట. మొదటి దుకాణపు మనిషి మాత్రము ఇప్పటికిని ఫోను చేయుచునే యున్నాడు.