అడుగుకి అంగుళం!

‘ఇల్లు కట్టి చూడు’ అన్న మాట బొమ్మరింటికీ వర్తిస్తుంది. బ్రిటన్, అమెరికాల్లో దాన్ని సరదాగా కట్టుకునే పెద్దవాళ్లు ఎందరో. గోడలు, మెట్లు, తలుపులు... అన్నీ కోసి సిద్ధంచేసిన కిట్‌లు దొరుకుతాయి. ఇక అతికించడమేగా అనుకున్నారో, పని చెడినట్టే!

ముందు ముక్కలన్నిటినీ టేపుతో నిలబెట్టి సరిపోతున్నాయో లేదో చూడాలి. మళ్లీ విప్పి రంగులు వేయాలి, గోడకాగితాలు కొలిచి కత్తిరించుకోవాలి, దీపాల వైర్లకు దారి చూసుకోవాలి. పైకప్పు బిగిశాక మేడమీది మూలల్లోకి వేలు కూడా దూరదు మరి! పల్చటి చెక్కకి ఒకవైపే రంగేస్తే వంకర తిరుగుతుంది. అందుకే రెండువైపులా వేయాలి.

అసలు కీలకం కొలత. ఎక్కువమంది పాటించేది 1:12. అంటే అడుగుకి అంగుళం. ఏడడుగుల తలుపు ఏడంగుళాలవుతుంది. గోడకాగితం మీద అంగుళం పువ్వుందంటే ఆ గదిలో అది అడుగు పువ్వే! అలాంటివి రెండుంటే చాలు, ఇల్లు కాస్తా అట్టపెట్టెలా కనిపిస్తుంది.

ఢిల్లీలో 340 గదుల వైస్రాయ్ భవనం (నేటి రాష్ట్రపతి భవన్) కట్టిస్తున్న రోజుల్లోనే ఎడ్విన్ ల్యుటెన్స్ బ్రిటన్ రాణి మేరీ కోసం ఓ బొమ్మరింటికీ రూపమిచ్చాడు. 1921-24 మధ్య తయారైన దానికీ అడుగుకి అంగుళమే లెక్క. కుళాయిల్లో నీళ్లు, కరెంటు దీపాలు, కదిలే లిఫ్టులు... అన్నీ అమర్చారు. విండ్సర్ కోటలో ఉన్న ఆ ఇంటికైనా, కిట్‌తో కట్టే ఇంటికైనా సూత్రం ఒకటే. కొలత ముందు, జిగురు ఆఖర్న!